సగం గోడ

కాశీబుగ్గలో మా కొట్టు పొడవు పదకొండు అడుగులు.
వెడల్పు చెప్పను, నవ్వుతారు.
కందిపప్పు బస్తా దిగితే
బెల్లం దిమ్మలు అరుగు మీదకి నడవాలి.
బెల్లం లోపలికొస్తే నేను అరుగు మీదకి.

మూడువందల పన్నెండు మంది యజమానులం.
తెల్లారకముందే లేచి జీడిబట్టీల్లో
పిక్క కొట్టేవాళ్లే అందులో ఎక్కువ.
వాటా వంద రూపాయలు.
వేలిముద్ర వెయ్యమంటే పుస్తకంలో
ఒట్టి నీలం మచ్చ పడుతుంది, గీతలుండవు.
జీడి రసం ఎప్పుడో తినేసింది వాటిని.
రేషను మిషను పోల్చుకోలేని ఆ వేళ్లని
నేను పోల్చుకుంటాను:
కుదురుగా కూచున్న మచ్చ కూర్మమ్మది,
అంచు జారిపోయింది ఢిల్లేశ్వరిది, దానికెప్పుడూ తొందరే.

పక్కగది టైలరు దుర్యోధన ఖాళీ చేశాడు.
మధ్యలో ఒంటి ఇటుక గోడ.
గోడ తీసి, గచ్చు చేసి, అరలు కొట్టడానికి
లక్షా ఎనభై వేలన్నాడు మేస్త్రి మొఖలింగం
తల గోక్కుంటూ.
గోక్కున్నాడంటే ఇంకో పదివేలు.

నూనెడబ్బా మూతకి గాటు పెట్టి
తవిటమ్మా నేనూ శనివారం బట్వాడా వేళకి
బట్టీ గేటు దగ్గర నిలబడ్డాం.
"కొట్టు పెద్దదైతే ధర కూడా పెద్దదైపోద్దేటి?"
"అవదు."
"రాసియ్యి."
సబ్బు కాగితం వెనక రాసిచ్చాను.
నీలవేణి దాన్ని బొడ్లో దోపుకొని రెండొందలు తీసింది.
డబ్బుల్లేని దాలమ్మ అంది:
"ఇటుకలు మోస్తాను. ఆ కూలి నా పేర్న డబ్బాలో ఏసీండి."
దాలమ్మ, రెండు రోజుల మోత, అని రాశాను.
సూపర్వైజరు గారు ఐదొందలు చాచి
"వాటా కాదు, దానం" అన్నారు.
మా పుస్తకంలో దానానికి గడి లేదండీ.
"పోనీ, ఐదు వాటాలకి ఓట్లెన్ని?"
ఒకటే.
నోటుని పాత మడత మీదే మడిచి
జేబులో పెట్టుకున్నారు.

తిత్లీ తుపాను పోయాక
కరెంటు లేని ఆ పదకొండు రాత్రులు
కొవ్వొత్తి పెట్టుకుని అరువు రాశాను.
పేజీల మీద మైనం చుక్కలు ఇప్పటికీ గరగరమంటాయి.
మొన్న ఎర్రమ్మ వచ్చి
ఆ పేజీయే తీయమంది.
మూడు కేజీల బియ్యం, ఒక అగ్గిపెట్టె.
కొట్టెయ్యమని సంఘం ఎప్పుడో తీర్మానించిన బాకీ.
"మీరు కొట్టేసినారు గానీ
నాను కొట్టేసుకోలేదమ్మా" అని
చిల్లరంతా లెక్కపెట్టి ఇచ్చింది.
అగ్గిపెట్టెకి రూపాయి వేరే.

డబ్బా కోస్తే
తొంభైనాలుగు వేల ఆరువందల పది,
చెల్లని పావలా ఒకటి.
అర్ధరాత్రి దాకా దెబ్బలాడుకున్నాం.
అప్పు తేవాలని ఒకరు, ఆగుదామని ఒకరు,
ఆగితే ఇల్లుగలాయన వేరేవాళ్లకిస్తాడని ఇంకొకరు.
మూల కూచున్న కూర్మమ్మ
"సగం డబ్బుకి సగం గోడ తీసీండి" అంది.
నవ్వాం. తర్వాత మొఖలింగం నవ్వడం మానేసి
సుద్దముక్క తీశాడు.
కప్పు బరువు ఈ గోడ మీద లేదు,
నడుమెత్తు దాకా దించొచ్చన్నాడు.

సమ్మెట తెచ్చాడు. ఆడాళ్లు ఒప్పుకోలేదు.
పప్పు బద్దకాకుండా పెంకు విప్పే చేతులవి.
చిన్న సుత్తులతో సున్నం రాల్చి
ఒక్కో ఇటుకనీ గుండుపప్పులా
సాబూతుగా తీశారు.
నూట డెబ్భై ఇటుకలు. విరిగినవి తొమ్మిది.
ఆ తొమ్మిదీ నావే.
పదో తరగతి తప్పి పుస్తకం పట్టినదాన్ని,
పిక్క కొట్టడం రాదు.

ఇప్పుడు బెల్లం ఆ గదిలో, కందిపప్పు ఈ గదిలో.
మిగిలిన గోడ మీద తరాజు.
దుర్యోధన సూదులు గచ్చు పగుళ్లలో
ఇంకా అక్కడక్కడ మెరుస్తున్నాయి.
ఢిల్లేశ్వరి వచ్చి, సంచీ గోడ మీద పెట్టి అడిగింది:
"ఇందులో నా ఇటుకేది?"
తీసేసినవాటిలో ఉందన్నాను.
కాసేపు ఆ ఖాళీ వైపు చూసింది.
"సరే, అరకేజీ చింతపండు తూయు.
పిక్కల్లేనిది."