పన్నెండు బై ఎనిమిది

రాత్రి పదకొండున్నరకు ఫోను.
"నాగుల్‌మీరా, షట్టరెత్తు.
రేపటి ఫ్లెక్సీలో చిన్న మార్పు."

అరండల్‌పేట ఏడో లైనులో
చిన్న మార్పులే నా బతుకు.
ఒకరి మీసం దువ్వుతా, ఒకరి పొట్ట తగ్గిస్తా,
జన్మలో కలవనివాళ్ళని
భుజం భుజం ఆనించి నిలబెడతా.

శేషగిరన్న బొమ్మ తీయమంటారనుకున్నా.
సాయంత్రం నుంచీ ఊరంతా ఆ వీడియోనే,
లాడ్జి సెంటర్లో టీ గ్లాసులు కడిగే పిల్లాడి ఫోన్లో కూడా.
మౌసు ఆయన చెంప మీద పెట్టి
తీసేయనా, అన్నా.

"ఆయన్ని కాదురా.
కింద వరసలో, గుండ్రాల్లో,
ఎడమ నుంచి నాలుగోది."

ఎడమ నుంచి నాలుగోది
కట్టెపోగు ఎస్తేరురాణి,
డివిజను మహిళా కార్యదర్శి.
పోయినసారి అన్న పుట్టినరోజు ఫ్లెక్సీకి
డ్వాక్రా డబ్బుల్లోంచి నాలుగొందలు తెచ్చి
"నా మొహం కాస్త తెల్లగా చెయ్యన్నా" అని నవ్విన మనిషి.

ఒక్క నొక్కు.
ఆమె ఉన్నచోట ఆకాశం వచ్చింది.
పక్క గుండ్రాల్ని కొంచెం కొంచెం జరిపా,
ఖాళీ కనపడకూడదు కదా.

పొద్దున్నే మైకుల ముందు
అది మార్ఫింగన్నారు.
మార్ఫింగంటే ఏంటో నాకు తెలుసు,
పదహారేళ్ళుగా నేను తినే అన్నం అదే.
జడ్జీని కాను గానీ
ఆ వీడియోలో నీడలు
పడాల్సిన చోటే పడ్డాయి.

మధ్యాహ్నానికి అది ఆయన సొంత విషయమైంది.
పొద్దుగూకేసరికి కుట్ర.
ఆ పైన ఒక కమిటీ వేశారు,
ముగ్గురు మగాళ్ళు, ఒక పెద్దావిడ.
పెద్దావిడ మోకాలి ఆపరేషనై మంచం మీద ఉంది.

రెండోరోజు అవతలి పార్టీవాళ్ళొచ్చారు.
ఇరవై బై పది, ముప్పై కాపీలు, అర్జెంటు.
మా ఆడబిడ్డకు న్యాయం కావాలని పెద్దక్షరాల్లో.
ఆడబిడ్డ మొహం మసక చేయించారు, మర్యాదకి.
ఆమె వీధి పేరు, మొగుడు తోలే ఆటో నంబరు మాత్రం
తప్పులు పోకుండా రెండుసార్లు చదివించుకున్నారు.

కొత్త డిజైను దేనికి?
పోయినేడు వాళ్ళ మనిషి దొరికినప్పుడు
శేషగిరన్న మనుషులు వేయించిన ఫైలుంది.
రంగు మార్చా. గుర్తు మార్చా.
మసక అలాగే ఉంచా,
కొలత సరిపోయింది.

అన్నని కూడా తీయించారు చివరికి,
మూడు వారాలకి, ఎలక్షన్ తేదీ వచ్చాక.
"డిలీట్ కొట్టకు, హైడ్ చెయ్" అన్నాడు ఆఫీసు కుర్రాడు,
"మళ్ళీ కావాలి."
నా సిస్టంలో ఒక కన్ను బొమ్మ ఉంటుంది.
నొక్కితే మూసుకుంటుంది.
మనిషి ఉన్నచోటే ఉంటాడు,
కనపడడు, అంతే.

నిన్న ఆమే వచ్చింది.
యార్డు వైపు నుంచి మిర్చి ఘాటు కొడుతోంది,
ఇద్దరం దగ్గాం,
కళ్ళు తుడుచుకోడానికి ఇద్దరికీ ఒక వంక దొరికింది.
"కలెక్టరేటు ముందు కూచుంటున్నా.
చిన్నది చాలు. మూడు బై రెండు.
పేరు ఇంటిపేరుతో సహా వెయ్యి.
నా పాత ఫొటో నీ దగ్గరుంటుందిగా."

ఫోల్డరు తెరిచా, తెలిసీ వెతికా.
లేదమ్మా, అన్నా.
ఎందుకు లేదని అడగలేదు,
ఆ అడగకపోవడం ఇంకా షాపులోనే ఉంది.
వెళ్ళి తెల్లగోడకి ఆనుకుని నిలబడింది.
ఫ్లాష్ వెలిగినా రెప్ప పడలేదు.
"దీన్నేం చెయ్యకు. ఉన్నది ఉన్నట్టు కొట్టు."

డబ్బులొద్దన్నా. వినలేదు.
నూట ఇరవై, చిల్లరతో సహా, బల్లమీద లెక్కపెట్టింది.
క్యాలెండరు వెనక రాసుకున్న లెక్క ప్రకారం
రెండు పార్టీలూ కలిపి నాకు
నలభై ఒక్క వేలు బాకీ.