వీపుకు తగ్గ బొంత

తుడవకు కెకెట్సో, అప్పుడే తుడవకు.
జీను దించిన వీపు మీద
చెమట ఆరకముందే నేనొకసారి చదువుకోవాలి.

తడిసిన చోట తప్పు లేదు.
ఇదిగో, మూపుకి కుడిపక్క
బొటనవేలంత మేర పొడిగా మిగిలిందే, అక్కడ చూడు.
ఊరంతా వాన పడి ఒక్క చోట నేల తడవలేదంటే
దాని మీద ఏదో కూర్చునే ఉండాలి.

మొహోది నోరు తెరిచి చెప్పదు.
మొహోది అంటే మా మాటలో పొగమంచు.
తంగు బిగించేటప్పుడు చెవులు వెనక్కి పెడుతుంది, అంతే.
పొగరు, అనేవాడు మీ నాన్న.
అందరం అనేవాళ్లం.

దాని మూపు మీద రెండు తెల్ల మచ్చలు,
నాణెమంత ఒకటి, మొక్కజొన్న గింజంత ఒకటి.
పుట్టుమచ్చలు కావవి.
పుండు మానినా ఆ చోట వెంట్రుక
తన రంగు మర్చిపోతుంది.
ఈ లెసోతో కొండల్లో దారి అంటే
గుర్రం గుర్తుపెట్టుకున్నదే.
పదకొండేళ్లు సెమొంకాంగ్ నుంచి పై ఊళ్లకి
మందుల సంచులు మోసినందుకు
మేము దానికిచ్చిన జీతం, ఆ రెండు మచ్చలు.

నేను దుప్పట్లకి మాసికలు వేసే మనిషిని.
మెత్తదనమే మందు అనుకున్నాను మొదట.
మా ఆయన పోయాక పెట్టెలో పడున్న ఎర్ర దుప్పటి
నాలుగు మడతలు వేసి, ఉన్ని కూరి,
పరుపులా కుట్టి పంపాను.
మూడో రోజుకి వీపు వాచింది.
బిగుతు బూటులో రెండు జతల మేజోళ్లు తొడుక్కుని
కొండ ఎక్కి చూడండి,
తెలుస్తుంది నా తెలివి.

రెండోది మసేరు నుంచి తెప్పించిన సోఫా నురగతో.
దాని కింద వీపు రొట్టెలా ఉడికింది.
మూడోది జారింది.
ఏరు దాటే చోట జీను పొట్ట కిందికి తిరిగి
వీడి మోచెయ్యి విరిగింది.
ఇంటికొచ్చి సీసాలు పగల్లేదని చెప్పాడు ముందు,
చెయ్యి సంగతి తర్వాత.

"గుర్రానికి పరుపులా?" అని నవ్వాడు కొట్టు రమొఖెలె.
"మనుషులకే దుప్పట్లు చాలని చోట."
నిజమే. జవాబు దొరకలేదు.
గంతకు తగ్గ బొంత అంటారు గాని
వీపుకు తగ్గ బొంత అని ఎవరైనా అన్నారా?

అప్పుడు తీగ తెచ్చి
దాని వీపు మీద ఒత్తి వంచి
ఆ వంపుని పిండి సంచి కాగితం మీద గీశాను.
ఎడమకంటే కుడి భుజం లావు.
ఏ వీపూ రెండు పక్కలా ఒకేలా ఉండదు,
నాదీ అంతే, మిషను తొక్కీ తొక్కీ.

నాలుగోసారి సూది కాదు, కత్తెర పట్టాను.
వెన్నెముక పొడవునా బెత్తెడు వెడల్పున
ఏమీ పెట్టలేదు.
ఆ ఏమీలేనిదాన్ని
అటొక దిండు ఇటొక దిండు కాపు కాయాలి.
మెడ దగ్గర దూరిన గాలి
తోక దగ్గర బయటికి రావాలి.
దారం ముడి లోపలికి తిరగకూడదు.
మనకి ముడి, దానికి పొద్దస్తమానం గులకరాయి.

గొర్రెల కత్తిరింపు కొట్టంలో ఊడ్చిపోసిన ఉన్ని,
ముళ్లు ఏరడానికే నాలుగు రాత్రులు పట్టింది.
మా లినెయో ఏరింది.
వేలికి గుచ్చుకున్నప్పుడల్లా
"మొహోదికి ఒకటి తప్పింది" అని లెక్క పెట్టింది.
నూట ఆరు దాకా విన్నాను,
తర్వాత నిద్రపోయాను.

మొన్న ఆ పొడి మచ్చ అరచెయ్యంత.
ఇవాళ బొటనవేలంత.
కుడి దిండు కుట్లు విప్పుతున్నాను,
గుప్పెడు ఉన్ని తీస్తే సరిపోవచ్చు,
చాలకపోతే రేపు మళ్లీ విప్పుతాను.

పొద్దున తంగు బిగించేటప్పుడు చూశావా?
ఒక చెవి వెనక్కి పెట్టింది.
రెండోది పెట్టలేదు.

ఇక తుడువు.