ఎర్త్

దేవరకొండ దాటినంక కంది చేన్ల నడుమ
ఒక రేకుల షెడ్డు.
అందుల రెండు సీట్ల విమానం
ముఖం ఊడదీసిన మనిషిలెక్క కూసున్నది.

ప్యానెల్ విప్పి ఇయ్యాలకు పదకొండు రోజులు.
ఆరు గుండ్రటి బొక్కలు,
ముండ్ల మీటర్లు పీకిన జాగల
అవతలి ఇంజను గోడ కనబడుతది.
పెడల్స్ కింద తలపెట్టి వెల్లకిల పంటే
ముక్కుకు జానెడు దూరంల యాభై ఏండ్ల తీగెలు:
ఎవరో నడుమకు కోసి
టేపు చుట్టి మర్చిపోయినవి.
ఒకదానికి మీటరు పెట్టిన.
పన్నెండు వోల్టులు.
దేనికోసమో ఇంక మేల్కొనే ఉన్నది.

"పీకేసెయ్ అండాలూ, పాత పీడ"
అన్నడు దస్తగిరి సారు, చాయ్ ఊదుకుంట.
మిగిలినయన్ని పీకిన. తూకమేస్తే నాలుగు కిలోలు.
దీన్ని మాత్రం చుట్ట చుట్టి పక్కకు కట్టిన.
ఎందుకో అడగకుండ్రి.

కొత్త తీగెల కట్టను విమానంల కట్టరు,
బల్ల మీద కడతరు.
ప్లైవుడ్ మీద గీత గీసి, మూలమూలకు మేకులు కొట్టి
మేకు నుంచి మేకుకు తీగె పరుస్తుంటే
పుట్టపాకల మా మేనత్త నర్సవ్వ
నా భుజంలకు వచ్చి కూసున్నది.
ఆసు పోసేది ఆమె.
పోగు పోవాలె రావాలె, పోవాలె రావాలె,
చీరకు వేల సార్లు ఊగిన చెయ్యి
ఇప్పుడు అన్నం ముద్ద కూడ ఆగాగి ఎత్తుతది.
ఒక్క పోగు తప్పితే
రంగు ఎక్కినంక గాని తెల్వదు, నెమలి మెడ ఇరుగుతది అంటుండె.
నాకు ముప్పై ఏడు పిన్నుల కనెక్టరు.
పన్నెండోది పదమూడుల పడితే
ఎడమ ట్యాంకు ఎండుతుంటే
కుడిది ఎండుతున్నట్టు చూపిస్తది,
అదీ అంత సక్కటి రంగుల తెర మీద.

ప్లాస్టిక్ టైలు ఉన్నయ్, సంచెడు.
వాటి అంచు వణికి వణికి పక్క తీగెను కోస్తది.
మైనం దారం తీసుకున్న.
చిటికి కట్టినట్టే: రెండు చుట్లు, ఒక ముడి,
ముడికి ముడికి రెండేళ్ల సందు.
ఫోన్ల చెప్తే నర్సవ్వ అడిగింది:
"ముడి కిందికి రంగు పోవద్దు గదా?"
"ఇక్కడ ముడి కింద కరెంటు పోవాలె అత్తా."
చానాసేపు నవ్వింది. దగ్గింది. మల్ల నవ్వింది.

మిర్యాలగూడ రైసుమిల్లులకు బోర్డులు కట్టిననాడు
ఎర్త్ అంటే గుంత.
బొగ్గు, ఉప్పు, రాగి పలక,
ఎండకాలం రెండు బకెట్ల నీళ్లు.
మొదటి రోజే సారును అడిగిన:
మబ్బుల ఉన్నప్పుడు దీనికి ఎర్త్ ఏడిది?
ఆయన రెక్క మీద అరచేత్తో చరిచిండు.
"దీని ఒళ్లే దీనికి మన్ను."
ఆ రాత్రి నిద్ర రాలే.
నేలను ఒంట్లనే మోసుకపోయే దాన్ని
నేను అప్పటిదాక చూడలే.

అంత బిగించినంక ఇంజను తిప్పితే
హెడ్‌సెట్‌ల కీచురాయి.
వేగం పెంచితే అదీ గొంతు పెంచుతది.
మూడు రాత్రులు ఎతికిన.
షీల్డు ఇప్పిన, కట్టిన, ఆల్టర్నేటరును తిట్టిన.
నాలుగో పొద్దు దొరికింది:
ఎర్త్ బోల్టు కింద తెల్ల పెయింటు,
గోరంత మందం, మెరుస్తున్నది.
అందానికని ఎవరో వేసిరి.
ఎవరో ఏంది, నేనే వేసిన,
పోయిన నెల, పాత మరకలు దాగాలని.
గీకిన. ఉప్పు కాయితంతోని, తర్వాత గోరుతోని,
లోహం తెల్లగ నవ్వేదాక.
కీచురాయి సచ్చింది.

పరీక్షకు ఎగిరిన పొద్దు సారు రేడియోల అన్నడు:
"అన్ని వెలుగుతున్నయ్.
కుడి సీటు మీద ఈ చిన్న బల్బు ఏంది?
డ్రాయింగుల లేదు గదా?"
"ఉన్నది సార్. రాత్రే గీసిన.
ఒక ఆంపియర్ బ్రేకరు పెట్టిన.
దాని తీగె పాతదే."

కాసేపు ఏం అనలే.
కంది చేన్ల మీద నీడ ఒక చుట్టు తిరిగింది.
"మ్యాపు చదువుకునే దీపం అండాలూ ఇది"
అన్నడు, ఎవరికో చెప్తున్నట్టు.