తాడు పట్టినవాడు

ఎస్సై సారు అడిగింది ఒకటే మాట:
"తాడు పట్టింది ఎవర్రా?"

మా గూడెంలో పాలు మరవని బిడ్డకైనా తెలుసు.
తేనెకు బావ దిగితే
గట్టు మీద తాడు పట్టేది బావమరిది.
తోడబుట్టినోడు పట్టగూడదు.
పట్టు జారిస్తే ముండమోసేది తన అక్కే గనక
బావమరిది జారనియ్యడని
పెద్దోళ్లు కట్టిన లెక్క.

ఆ లెక్కన ఉడతల మూగన్న, అంటే నేను,
ఆత్మకూరు స్టేషన్ అరుగు మీద
మూడు దినాలు కూచున్నా.
ఆ రాత్రి వెలుగోడులో కుంకుళ్లు అమ్మి
బస్టాండులో పండుకున్నానని చెప్పినా.
రాసుకోలేదు.
నాలుగో దినం "ప్రమాదవశాత్తూ జారిపడి" అని రాసుకొని
నన్ను ఇంటికి పొమ్మన్నారు.

రాయనివి నేను చెప్తా.

ఆ రాత్రి పున్నమి.
పున్నమి నాడు తేనెకు ఎవడు దిగుతాడు సారూ,
ఈగలు మనకంటే బాగా చూస్తాంటే?
గట్టు మీద బూడిద లేదు, పొగ కాగడా లేదు.
బావ ఒంటి మీద ఈగ కాటు ఒక్కటీ లేదు.
నడుముకున్నది మా అడ్డతీగ నార కాదు,
నీలం నైలాను.
డ్రిల్లింగ్ బండ్ల మీద పట్టా కట్టే రకం.

కుడుముల ఈదన్న, మా బావ,
ఎర్ర గుడ్డ కట్టిన సర్వే కట్టెలు పీకి
పొయ్యిలో పెట్టి జొన్న సంకటి వండించినోడు.
"అడుగున రాయి మీదైతే
మీదున్న ఇప్పచెట్టు ఎవరిది సారూ?
ఈ వేలు గడ్డలు తవ్వేది.
సిరాలో ముంచను" అన్నోడు.

పోలీసోళ్లు పొడుగు తాడు తీసుకపోయినారు.
నడుము కాడి ముడి వాళ్లకు అక్కర రాలేదు.
మా అక్క బయ్యమ్మ దాన్ని రైక లోపల దాచింది.

నేను చూసినా ఆ ముడిని.
మూడు చుట్లు, కొస లోపలికి,
ఎడమ చేతి వాటం.
మా నాయన ముడి అది.
నాయన నేర్పింది ఇద్దరికే.
నాకు కుడి చెయ్యి వాటం.

(ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు.
అడవి కుక్క అరిచినా
అది తమ్ముడి టార్చిలైటేమోనని లేచినా.)

గ్రామసభకు కుర్చీలు వచ్చినాయి, షామియానా వచ్చింది.
కంపెనీ ఖాకీ చొక్కాలో మా అంకన్న
సిరా డబ్బా పట్టుకొని నిలబడినాడు.
మొదటి పేరు బయ్యమ్మది.
వచ్చింది. వేలు చాపలేదు.
నీలం ముడి తీసి బల్ల మీద పెట్టింది.
"ఇది విప్పితే వేస్తా."

తాసిల్దారు నవ్వి గోళ్లతో గీకినాడు.
ఎస్సై పంటితో పట్టి చూసినాడు.
కొడవలి తెమ్మన్నాడు ఎవడో.
"కొయ్యగూడదు" అంది అక్క.
నేను చేతులు కట్టుకొని
ఎర్రచీమ ఒకటి బల్ల ఎక్కడం చూస్తాన్నా.

"చిన్నోడా, అంకా,
నువ్వు రా నాయనా" అంది,
చిన్నప్పుడు అన్నానికి పిలిచినట్టే.

వాడు రాలేదు.
కానీ బల్ల పక్కన్నే ఉన్నాడు గదా.
వాడి కండ్లు నా మీద ఉండంగానే
ఎడమ చెయ్యి
వాడిని అడక్కుండానే కదిలింది.

పెద్దోళ్ల లెక్క యాడ తప్పిందో
నాకిప్పటికీ తెలీదు.
ఎస్సై సారు అడిగిన దానికి జవాబు మాత్రం సరిగ్గానే ఉంది:
తాడు పట్టింది
బావమరిదే.