ముప్పై ఏడో బొమ్మ

గ్రిమ్స్‌బీ చారిటీ షాపులో
పింగాణీ కుక్కపిల్లల వెనక దొరికింది. నాలుగు పౌన్లు.
నల్ల ప్లాస్టిక్ కెమెరా,
సబ్బుబిళ్లంత బరువు.

రీలుకి ముప్పై ఆరే అన్నారు.
పిసినారిలా తీశాను:
చిప్స్ పొట్లం లాక్కుపోతున్న సీగల్,
వానలో ఆరో నంబరు బస్సు అద్దం,
నైట్ డ్యూటీ దిగి బూట్లు చేత్తో పట్టుకుని
మేజోళ్లతో ఇంటికి నడుస్తున్న మోరీన్.

ముప్పై ఏడు.
ముప్పై ఎనిమిది.
ముప్పై తొమ్మిది!
అక్షయపాత్ర చేతికొచ్చిందని
ఎవరికీ చెప్పకుండా రెండు రోజులు మురిశాను.

ల్యాబులో కీత్ మూత తీసి
నావైపు చూడకుండా నవ్వాడు.
ఫిల్ము కొస అసలు పళ్లచక్రానికి తగులుకోలేదట.
ఇన్నాళ్లూ నేను తిప్పింది గాలిని.

"ఇటు తిప్పితే ఈ పక్కదీ తిరగాలి, చూడు"
కొత్త రీలు వేసి, నా బొటనవేలు పట్టి దానిమీద పెట్టాడు.
తిరిగింది.
గాలిపటం అందుకున్నప్పుడు
దారంలో తెలిసే బరువు.

మొదటి బొమ్మ ఆయన్నే తీశాను, మరీ దగ్గరికెళ్లి.
సగం కళ్లజోడు, ఒక చెవి, తక్కినదంతా పొగమంచు.
గోడకి పెట్టాను.

మోరీన్ మాత్రం
ఇంకోసారి బూట్లు విప్పి నడవనంటోంది.