గీత కింది మనుషులు

చిసాలా రేవులో క్లినిక్కు ఒకే గది.
నల్లబల్ల లేదు గనక
ఎటినాలా తలుపు వెనక రాస్తుంది, సుద్దముక్కతో.
కొత్తగా చేరిన ముగ్గురు
ఎండుచేపల వాసనలో నేలమీదే కూర్చున్నారు.

మొదట "అంటు" అని రాసింది.
తాకితే అంటేది, తాగితే అంటేది,
శవానికి స్నానం పోసిన చేతులతో
మొక్కజొన్న ముద్ద పంచితే అంటేది.
"ప్రేమ ఉన్నచోటే ఎక్కువ అంటుతుంది.
ఇది రాసుకోవద్దు, గుర్తుంచుకోండి."

తర్వాత "పొదిగే కాలం".
కోడి ఇరవయ్యొక్క రోజులు కూర్చుంటుంది.
కలరాకి అంత ఓపిక లేదు.
కొన్ని గంటలు, మహా అయితే అయిదు రోజులు.
ఈలోగా మనిషి నవ్వుతుంటాడు,
వల బాగుచేసుకుంటాడు, పాత అప్పు తీరుస్తాడు,
ఎవరి పెళ్లిలోనో తెల్లార్లూ డోలు వాయిస్తాడు.

"లవం". జబ్బుపడినవాళ్లు, నలభై రెండు.
దాని కింద గీత.
గీత కింద "హారం". ఊరంతా.
మెడలో వేసుకునేది కాదర్రా ఇది,
కానీ ఒక్క పూస గుచ్చడం మరిచినా
పైనున్న అంకె అబద్ధమాడుతుంది.

ఉపీలే చెయ్యెత్తింది.
"మొదటి రోగి ఎవరు, అమ్మా?"

సుద్ద ఆగింది.

వానల్లో ఆ ప్రశ్నకి
ఊరు ఒక్క పూటలో జవాబు చెప్పేసింది.
జైలోసి. సరస్సు దాటి
మొజాంబిక్ ఒడ్డునుంచి పడవలో వచ్చినవాడు.
సోమవారం దిగాడు, మంగళవారం వాంతులు.
గురువారానికి అతని వలలు ఇసుకమీద కాలాయి.
నైలాన్ పొగ నల్లగా
ఉసీపా చేపలు ఎండే బల్లలమీదుగా వచ్చి
ఈ కిటికీలోంచి దూరింది.
ఎటినాలా అప్పుడు తలొంచుకుని పేర్లు రాస్తోంది.
పేరు, వయసు, తేదీ,
ఏ నీళ్లు తాగారో చివరి గడిలో.
నలభై ఒక్క మంది. ముగ్గురు బతకలేదు.

అంతా అణిగాక, ఒక రాత్రి
గళ్ల కాగితంమీద రోజుకో వరస నింపుకుంటూ పోతే
జైలోసి కంటే ముందు ఒక గడి మిగిలింది.
ఆదివారం.
రిజిస్టరు వెనక పేజీలో, పెన్సిలుతో:
తమందా, నాలుగేళ్లు, విరేచనాలు,
ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లిచ్చి పంపాను.
చేతిరాత తనదే.
ఏ నీళ్లు అన్న గడి ఖాళీ.

తమందా ఏ పడవా ఎక్కలేదు.
వాళ్లమ్మ ఏటి మొగలో కడవ ముంచుతోంది,
బోరు పంపు ఆగిపోయి అప్పటికి అయిదు వారాలు.
లోపల తోలు బిళ్ల అరిగింది, అంతే,
పిడికిట్లో దాచగలిగేంత వస్తువు.
అది పంపమని జిల్లా ఆఫీసుకి రాసిన ఉత్తరం
ఎటినాలా సొరుగులోనే ఉంది,
స్టాంపు అంటించకుండా.

పిల్లలు ఎదురుచూస్తున్నారు.
బయట కొత్త తోలు వేసిన పంపు కిర్రుమంటోంది.

"మొదటి రోగి అంటే," అంది,
"మన కళ్లకి మొదట పడ్డవాడు.
మొదట జబ్బు పడ్డవాడు కాదు.
రెండూ ఒకటే అనుకుంటే వలలు కాలతాయి."
ఉపీలే అంతా రాసుకుని
వలల దగ్గర ఆగి, ఆ మాట కొట్టేసింది.

"ప్రమాద కారకం" రాసి, ఉదాహరణలు అడిగింది.
ఏటి నీళ్లు, అన్నాడొకడు.
మూతలేని కడవ. కడగని చేతులు.
ఆమె అన్నీ రాసి, అట్టడుగున
చిన్న అక్షరాలతో "సొరుగు" అని చేర్చింది.
అర్థం ఎవరూ అడగలేదు.

మధ్యాహ్నం జైలోసి వచ్చాడు,
అరువు వల తాడు వేలు కోస్తే.
కట్టు కడుతూ ఆమె చాలాసేపు మాట వెతుక్కుంది.
"ఆ ఉత్తరం..." అంది చివరికి.
"ఔను, గాలి ఉత్తరం నుంచే," అన్నాడు,
"ఇవాళ చేప పడదు."

రిజిస్టరులో రాసింది. పేరు, వయసు, కోత.
గాయాలకి చివరి గడి అక్కర్లేదు.
అయినా అడిగింది, ఏ నీళ్లు అని.

"పంపు నీళ్లే," గుమ్మం దాటుతూ అన్నాడు,
"మీరే కదా బాగుచేయించింది."