నడిచే రేవు

మా రేవుకు కాళ్లుండాయి.
నమ్మకపోతే ఎండాకాలం వచ్చి సూడండి.

కార్తీకంలో కృష్ణమ్మ మా వాకిలిదాంక వచ్చి
అప్పిచ్చినామె మాదిరి
మెట్టు మీద కూచ్చుంటాది, లెయ్యదు.
శివరాత్రి దాటినాక లేసి పోతాది.
పోతాపోతా రేవును గూడా ఎంట తీసకపోతాది.
అప్పుడు నేను
పొయ్యి, పాలక్యాను, గలాసుల బక్కెట
నెత్తినా సంకనా పెట్టుకోని
వారానికి ముప్పై బారలు కిందికి దిగుతా.
నా ఎనక జీపులు. జీపుల ఎనక ఆటోలు.
ఆటోల ఎనక పంచరేసే దస్తగిరి,
గాలిమిషను ఈడ్చుకుంటా, డ్యాం కట్టినోళ్లను తిట్టుకుంటా.
మేము ఇడిసిన తావంతా బురద ఎండి నెర్రెలిస్తాది.
నెర్రెల్లో ఎవురో ఇసిరేసిన శనగ
మమ్మల్ని అడక్కుండానే మొలుస్తాది.

నూటికి పది తక్కువ ఇండ్లు మా ఊర్లో.
అయితేనేమి,
ఆత్మకూరు పత్తి యాపారి గానీ
నందికొట్కూరు కొత్త పెండ్లికూతురు గానీ
కొల్లాపురం డాక్టరు కాడికి పొయ్యే పంటినొప్పి గానీ
నా బెంచీ మీద కూచ్చోకుండా ఏరు దాటిండేది లేదు.
బస్సుకు టైము లేదు ఈడ, పడవను బట్టి పోతాది.
పడవకు గూడా లేదు, నిజం చెప్పల్లంటే.
అవతలి గట్టున ఉరుకుందు బీడీ ముట్టిచ్చినాడంటే
అది ఆరేదాంక
మూడు మండలాలు ఆగల్ల.
"అక్కా, పడవ బయల్దేరిందా?" అని ఫోన్లు.
బయల్దేరకపోయినా బయల్దేరిందనే చెప్తా.
పాపం, ఆడ ఎవురో బస్సును ఆపుకోని ఉంటారు.

మొన్న బేస్తవారం ఒక బీరువా ఎక్కింది,
ఎవురి పెండ్లి సామానో.
ఏడు మోటారుసైకిళ్ల నడుమ నిలబెట్టి తాళ్లతో బిగిచ్చినారు.
దాని అద్దంలో నల్లమల అటూ ఇటూ ఊగుతాంటే
నడేట్లో ఆడోళ్లంతా వరసగా లేసి
కొప్పులు సరిజేసుకున్న్యారు.
ఒక మేక మాత్రం
అద్దంలో మేకను సూసి
అవతలి గట్టుదాంక దానితో కొట్లాడింది.

ఇవన్నీ నవ్వులాటకు చెప్తాండా గానీ
పెద్ద ఓబులేసు సంగతి చెప్పల్ల.

టిక్కెట్టు నలభై. ఆయప్ప ఇరవయ్యే ఇచ్చేటోడు,
"నేను మా చేనిదాంకనే గదరా పొయ్యేది" అని.
ఆ చేను నడేట్లో ఉండాది, నీళ్ల అడుగున.
నాలుగెకరాలు, గట్టున రెండు సీతాఫలం చెట్లంట.
నేను ఈ ఊరి కోడలయ్యేనాటికే మునిగింది.
పాత ఊరంతా పైకి తేలిన కరువేండ్లలో గూడా
అది తేల్లేదు, అంత పల్లం.
మొదట్లో ఉరుకుందు గొణిగేటోడు.
రాన్రానూ
ఆ తావు రాంగానే ఇంజను ఆపేటోడు.
పడవ ఊరికే నిలబడేది.
ఓబులేసు వంగి కిందికి సూసేటోడు,
పైరుకు పురుగు పట్టిందేమో అన్నట్ల.
"ఊ, పోనీ" అనేటోడు.
తిరుగు పడవలో వచ్చి, నాకాడ చక్కెర లేని టీ తాగి,
గలాసు తానే కడిగి పెట్టి పొయ్యేటోడు.

పోయిన శ్రావణంలో పొయ్యినాడు ఆయప్ప.

ఇప్పుడు వంతెన వస్తాదంట.
కొలతలేసే పిల్లోళ్లు మూడుకాళ్ల దుర్భిణి తెచ్చి
నా పొయ్యి పక్కనే సున్నం పూసిన రాయి నాటినారు.
రాయికేం తెలుసు, వచ్చే నెలకు నేనాడ ఉండనని.
వాళ్లు అవతలికి పోతాంటే నడేట్లో ఇంజను ఆగింది.
"డీజిలు అయిపాయనా?" అని ఒక పిల్లోడు అడిగినాడంట.
ఉరుకుందు చుక్కాని ఇడవకుండా
"లే, స్టేజీ" అన్న్యాడంట.
"ఎవురూ దిగలేదే?"
"దిగినాడు లేప్పా" అని
మళ్లీ ఇంజను తాడు లాగినాడంట.